విత్తనపు కోడె: సుడి కాదు, తల్లిని చూడండి

విత్తనానికి బుడ్డలు తీసిపెట్టేటప్పుడు మీరేం చేస్తారు? నిండు కాయ ఏరి పక్కన పెడతారు. తాలుకాయను విత్తనానికి వాడే రైతు కర్నూలు జిల్లాలోనూ లేడు, కడప జిల్లాలోనూ లేడు. కాని పశువుల కొట్టంలోకి వచ్చేసరికి ఇదే రైతు తలకిందులుగా పని చేస్తున్నాడు. కండ పట్టి, కాలు నిలబడే కోడెను బీజాలు నొక్కించి సేద్యానికి కడతాడు, లేదంటే మంచి ధర వచ్చిందని అమ్ముకుంటాడు. ఎవరూ కొనని బక్క కోడె మందలో మిగిలిపోతుంది. ఎదకొచ్చిన ప్రతి ఆవు మీదికీ పోయేది అదే. అంటే తాలుకాయే విత్తనమవుతోంది.

ఉగాదికి, శివరాత్రికి, ఉరుసులకు మన ఊళ్లలో బండలాగుడు పోటీలు జరుగుతాయి. పాలపండ్ల విభాగమని, రెండు పండ్లని, నాలుగు పండ్లని, ఆరు పండ్లని వేరు వేరుగా పెడతారు. పాలపండ్ల వయసులోనే ఊర్లోని మేలైన కోడెల మీద కొనేవాళ్ల కన్ను పడుతుంది. పోటీలు వద్దని ఎవరూ అనరు. ఒంగోలు జాతి కోడెకు ఈ కాలంలో కూడా గిరాకీ ఉందంటే వాటి పుణ్యం కొంత ఉంది. కాకపోతే అలా పోయిన కోడె మళ్లీ ఊరి మందకు రావడం అరుదు. అందుకే అమ్మేముందు ఒక్కదాన్ని ఊరికి ఉంచుకోవాలి. ఆ ఒక్కటి ఏదన్నదే లెక్క.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో చూడండి. ఆవు ఎంత మంచిదైనా ఏడాదికి ఒక్క దూడే. కోడె పిల్లలు ఏడాదికి ముప్పయి, నలభై ఉంటాయి. దూడకు సగం రక్తం తండ్రిది. ఆ పెయ్యను ఇంకో కోడెకు, దాని పెయ్యను మరో కోడెకు దాటిస్తే, మూడో తరం దూడలో ఆ మూడు కోడెల పాలు నూటికి 87కు పైనే. మొదట మీ కొట్టంలో ఉన్న ఆవు పాలు 13 కూడా ఉండదు. మంద బాగుపడాలన్నా చెడాలన్నా కోడె చేతిలో ఉంది.

సూదులున్నాయి కదా, కోడె ఎందుకు అంటారు కొందరు. నిజమే. నంద్యాలలో ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. ఎద ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరుసటి ఉదయం సూది వేయించగలిగిన వాళ్లకు అంతకన్నా మంచి పని లేదు. ఏ కోడె విత్తనమో తెలుస్తుంది, రోగాల భయం తక్కువ, కోడెను మేపే ఖర్చు లేదు. కాని ఎర్రమలకో, నల్లమల అంచుకో, లంకమలకో మందను తోలుకుపోయే వాళ్ల సంగతి వేరు. ఎద కనిపెట్టేదెవరు, ఆ వేళకు ఆవును ఊర్లోకి తెచ్చేదెవరు? అక్కడ కోడె తప్పదు. సూదికి రెండు మూడు సార్లు నిలవని ఆవుకు కూడా చివరికి కోడెనే వెతుకుతారు.

తల్లి లెక్క ముందు

జనవరి ప్రాంతంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు పశువులు బాగా వస్తాయి. అక్కడ కాసేపు నిలబడి చూడండి. కోడె దగ్గరికొచ్చిన మనిషి మొదట సుడి చూస్తాడు. తర్వాత కొమ్ము, తోక పొడవు, రంగు. దీని తల్లి ఎన్నో ఈత, ఎన్ని పాలిచ్చింది అని అడిగేవాడు తక్కువ. సుడి వెంట్రుకల తీరు మాత్రమే. దానివల్ల అమ్మకంలో ధర తగ్గొచ్చు, పుట్టే దూడకు వచ్చేది పోయేది ఏమీ లేదు. జాతి లక్షణాలు చూడొద్దని కాదు. పొట్టి కొమ్ములు, నల్లటి మూతి, కండ్ల చుట్టూ నలుపు, నల్లటి తోక కుచ్చు, మూపురం మెడ మీద బూడిద రంగు ఒంగోలు కోడెకు ఉండేవే. అవి ఉన్నంత మాత్రాన విత్తనానికి పనికొస్తుందనుకోవద్దు.

తల్లి దగ్గర మూడు సంగతులు కనుక్కోండి. ఎన్నేళ్లకు మొదటి ఈత ఈనింది. ఈతకూ ఈతకూ మధ్య ఎన్ని నెలలు. దూడ తాగగా ఇంటికి ఎన్ని పాలు మిగిలాయి. కరువు ఏడు కూడా పదిహేను నెలలకొకసారి ఈనిన ఆవు కొడుకు, రెండేళ్లకొకసారి ఈనే అందమైన ఆవు కొడుకు కన్నా మేలు. మన సీమకు కావాల్సింది ఎండుసొప్ప తిని కూడా చూలు నిలిచే ఆవు. పొదుగు జారిపోయినది, చన్నులు మరీ లావై దూడ నోటికి అందనిది, దూడను దగ్గరికి రానీయనిది అయితే దాని కోడెను వదిలేయండి. తొలి ఈత దూడను తీసుకుంటే తల్లి గుణం ఇంకా తేలి ఉండదు. మూడో ఈత తర్వాత పుట్టినదైతే లెక్క చూసుకోను వీలుంటుంది.

ఇక్కడొక మోసముంది. ఒక ఇంట్లో పాలన్నీ దూడకే వదులుతారు. ఇంకో ఇంట్లో పాలు కేంద్రానికి పోసి కోడెదూడను సగం కడుపుకు ఉంచుతారు. ఏడాది నాటికి మొదటిది నున్నగా, రెండోది ఎముకల గూడులా కనిపిస్తుంది. తేడా రక్తంలో కాదు, గిన్నెలో ఉంది. అందుకే ఒకే తీరుగా మేసిన దూడలనే పక్కపక్కన పెట్టి పోల్చాలి. విత్తనానికి అనుకున్న దూడకు పుట్టిన గంట లోపల జున్నుపాలు, తర్వాత కనీసం మూడు నెలలు కడుపునిండా పాలు వదలండి. అది మీకు నష్టంగా కనిపిస్తుంది గాని, ఆ దూడ మేలు ఊరందరిదీ. కాబట్టి ఊరే ఆ పాల ఖరీదు పంచుకోవడం న్యాయం.

టేపు పట్టండి

పాలు మాన్పినప్పుడు ఒకసారి, ఏడాదికి ఒకసారి, రెండు పండ్లు వేసినప్పుడు ఒకసారి, మొత్తం మూడుసార్లు ఏరాలి. మొదట నాలుగైదు దూడలను గుర్తు పెట్టుకుంటే చివరికి ఒకటి తేలుతుంది. రెండు పండ్లు పడేది రెండు, రెండున్నర ఏళ్లకు. నాలుగు పండ్లు మూడేళ్ల చుట్టుపక్కల.

తూకానికి కాటా లేకున్నా దర్జీ టేపు చాలు. ముందు కాళ్ల వెనక, మూపురం వెనకగా ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీయండి. భుజం మొన నుంచి పిరుదు ఎముక మొన దాకా పొడవు తీయండి. చుట్టుకొలతను దాంతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే బరువు సుమారుగా కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే 272 కిలోలు. పది కిలోలు అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు, ఒకే వయసు దూడల్లో ఏది ముందుందో తెలుస్తుంది.

తర్వాత నడిపించి చూడండి. రాళ్లచేనులో ఒకసారి, మెత్తటి రేగడిలో ఒకసారి. వెనక కాళ్లు కర్ర పాతినట్టు నిటారుగా ఉన్నా, కొడవలిలా మరీ వంగినా వద్దు. కోడె ఆవును దాటేటప్పుడు బరువంతా వెనక కాళ్ల మీదే. కాలు పోతే మిగతాది ఎంత బాగున్నా దండగ. డెక్కలు విచ్చుకుని ఉండకూడదు. కింది దవడ పై చిగురుకు సరిగ్గా అందాలి. బొడ్డు కింద తోలు మరీ వేలాడే కోడెలు ఒంగోలు జాతిలో కనిపిస్తాయి. మన బీళ్లలో సర్కారు తుమ్మ కంప ఎంతుందో మీకు తెలుసు. ఆ తోలుకు ముల్లు గీసుకుంటే వాచి, చీము పట్టి కోడె నెలల తరబడి పనికిరాకుండా పోతుంది.

ఇక అసలు సంగతి బీజాలు. మనవాళ్లు చెయ్యి పెట్టి చూడడానికి మొహమాటపడతారు. రెండూ దిగి ఉండాలి, ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి, నొక్కితే గట్టి రబ్బరులా ఉండాలి. ఒక్కటే దిగిన కోడెను ఎట్టి పరిస్థితిలోనూ ఉంచుకోవద్దు, ఆ లోపం కొడుకులకు దిగుతుంది. పశువైద్యశాల ముందరి ట్రావిస్‌లో కట్టి, బీజాలను మెల్లగా సంచి అడుక్కు దించి, లావైన చోట టేపు చుట్టండి. విదేశీ మాంసపు జాతుల్లో ఏడాది దాటిన కోడెకు 30 సెంటీమీటర్లు ఉండాలంటారు. మన కోడెలు ఆలస్యంగా ఎదుగుతాయి, ఆ కొలత వీటికి పెట్టకూడదు. ఒకే వయసు, ఒకే మేత ఉన్న కోడెల్లో ఎక్కువ కొలత ఉన్నదాన్ని తీసుకోండి.

ఈ కొలతకు ఇంకో లాభముంది. బీజాల చుట్టుకొలత ఎక్కువున్న కోడెల పెయ్యలు త్వరగా ఎదకొస్తాయి. మన ఒంగోలు పశువులు సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో స్థిరపడ్డాయి. ఒంగోలు ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరే వాటికి నిలిచింది. అక్కడ వాటిని మాంసానికి పెంచుతారు. ఆ మందల్లో కూడా ఇదే తేలింది. మన పెయ్యలు మూడున్నర, నాలుగేళ్లకు గాని మొదటి ఈత ఈనవు. ఒక్క ఆరు నెలలు ముందుకొస్తే రెండు ఆవులున్న రైతుకు ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. మన జాతిని తీసుకుపోయినవాళ్లు టేపుతో ఎంచుకుంటుంటే, జాతి పుట్టిన చోట మనమింకా సుడి దగ్గరే ఉన్నాం.

మేత, రోగం

ఆదోని, నంద్యాల వైపు పత్తిగింజలు, పత్తిచెక్క బాగా దొరుకుతాయి. పాలిచ్చే ఆవుకు మితంగా పెట్టొచ్చు. విత్తనపు కోడెకు మాత్రం వద్దు. అందులో గాసిపాల్ అనే పదార్థం వీర్యాన్ని దెబ్బ తీస్తుంది. బుడ్డల చెక్క, తవుడు, నానబెట్టిన ఉలవలు, ఖనిజ లవణాల పొడి వాడండి. రోజుకు రెండు కిలోల దాణా చాలు, మిగతాది బుడ్డల కట్టె, జొన్నసొప్ప. ఎండాకాలం పచ్చిమేత బొత్తిగా లేకుంటే ఎ విటమిన్ లోపించి వీర్యం పలచబడుతుంది. అవిశాకు రోజుకు నాలుగు రెమ్మలు వేసినా మేలే. అలాగని ముద్దులు చేసి కొవ్వు పట్టించొద్దు. బీజాలు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. సంచి మెడలో కొవ్వు చేరితే ఆ చల్లదనం పోతుంది.

గాలికుంటు గాని, ఇంకే జ్వరం గాని వచ్చి తగ్గిన కోడెను వెంటనే ఆవుల మీదికి వదలొద్దు. వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. జ్వరం దెబ్బ ఆ రెండు నెలలూ ఉంటుంది. ఆవులు చూలు నిలవకపోతే ఆవును తిట్టుకుంటారు గాని, తప్పు కోడెది. 2022లో దేశమంతా వ్యాపించిన ముద్దచర్మ వ్యాధి సోకిన కోడె వీర్యంలో కూడా ఆ వైరస్ ఉండొచ్చు. డాక్టరు చెప్పేదాకా దాన్ని విడిగా కట్టేయాలి.

బ్రూసెల్లా సంగతి గట్టిగా చెప్పాలి. ఆవులు ఏడెనిమిది నెలల చూలుతో ఈసుకుపోతుంటే మొదట దీన్నే అనుమానించాలి. రోగమున్న కోడె ఊరంతా అంటించే ప్రమాదముంది, మనుషులకు కూడా వస్తుంది. దీని టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు మాత్రమే, కోడెలకు వేయరు. కాబట్టి కోడెకు రక్తపరీక్ష ఒక్కటే దారి. కొత్త కోడెను మందలో కలిపేముందు బ్రూసెల్లాకు, క్షయకు పరీక్ష చేయించండి. డాక్టరు చేత వీర్యం కూడా చూపించుకోండి. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడిగితే ఎక్కడికి పంపాలో చెబుతాడు.

ఎన్ని ఆవులు, ఎన్నేళ్లు

మూడేళ్లు నిండకముందు పనిలోకి దించొద్దు. మొదటి ఏడు వారానికి రెండు దాట్లు, పది పదిహేను ఆవులు చాలు. నిండు వయసు కోడెకు నలభై, యాభై ఆవుల దాకా అప్పగించొచ్చు. సన్నకారు రైతు ఒక్కడే కోడెను మేపలేడు, అవసరం కూడా లేదు. పది పదిహేను ఇళ్లు కలిసి ఒకరి కొట్టంలో ఉంచి, మేత వంతులు వేసుకోవచ్చు. దేవుని పేరుతో ఆంబోతును వదిలిన రోజుల్లో ఊరు చేసింది అదే. ఏరగా మిగిలిన కోడెలను మాత్రం మందలో తిరగనీయొద్దు. ఏడాదిన్నర లోపే డాక్టరు చేత, మత్తు ఇప్పించి బీజాలు నొక్కించండి. లేకుంటే మీరు ఏరిన కోడె కొట్టంలో ఉండగానే బక్కది బీడులో పని కానిచ్చేస్తుంది.

కోడె ఎంత మంచిదైనా మూడేళ్లకు మించి ఒకే మందలో ఉంచొద్దు. అప్పటికి దాని పెయ్యలే ఎదకొస్తాయి. తండ్రికి కూతుర్ని దాటిస్తే దూడలు బలహీనంగా పుడతాయి, చూలు నిలవదు. నాలుగైదు ఊళ్ల అవతల ఇలాగే కోడెను పెంచుకున్న వాళ్లతో మాట్లాడి మార్చుకోండి. మీ కోడె అక్కడికి, వాళ్ల కోడె ఇక్కడికి, చేతిలో రూపాయి మారే పని లేదు. కొత్తది వచ్చేటప్పుడు తల్లి ఈతల లెక్క, రక్తపరీక్ష చీటీ దాంతో పాటు రావాలి. ఆ చీటీ లేకుంటే మందలో కలపకుండా విడిగా కట్టేసి, మీరే పరీక్ష చేయించండి.