కరెంటు వచ్చింది, కెమెరా రాలేదు

తల్లి ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వసారాలో ఒక కెమెరా పెట్టించి, రోజూ ఫోనులో ఇల్లు చూసుకుంటాడు. మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయి, గంటన్నరకు వచ్చింది. ఇంట్లో ఫ్యాను తిరిగింది. ఫోనులో మాత్రం 'ఆఫ్‌లైన్' అనే మాట పోలేదు. కొడుకు కంగారుగా ఫోన్ చేస్తే తల్లి, "కెమెరాకు లైటు వెలుగుతూనే ఉందిరా" అంది. ఆమె చెప్పిందీ నిజమే, అతను చూసిందీ నిజమే. ఇలా ఎందుకు జరుగుతుంది?

కెమెరాకు కరెంటు అందడం ఒకటి, దాని బొమ్మ మన ఫోనుకు చేరడం మరొకటి. బొమ్మ కెమెరా నుంచి వై-ఫై ద్వారా రౌటర్‌కు, అక్కడి నుంచి ఫైబర్ తీగ ద్వారా ఇంటర్నెట్‌లోకి వెళుతుంది. కరెంటు రాగానే ఇవన్నీ ఒకేసారి మేలుకుంటాయి గాని ఒకేసారి సిద్ధం కావు. సాధారణంగా కెమెరా ముందు లేస్తుంది. రౌటర్‌కు, ఫైబర్ సిగ్నల్‌కు మరికొన్ని నిమిషాలు పడుతుంది. మంచి కెమెరా రౌటర్ దొరికేదాకా వెతుకుతూనే ఉంటుంది. కొన్ని రకాలు కాసేపు వెతికి ఊరుకుంటాయి. అలాంటప్పుడు రౌటర్ దీపాలు నిలకడగా వెలిగాక, కెమెరా ప్లగ్ తీసి అర నిమిషం ఆగి మళ్లీ పెడితే చాలు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రౌటర్ వెనుక సన్నని రంధ్రంలో ఉండే రీసెట్ మీటను పిన్నుతో నొక్కుతారు. దానితో వై-ఫై పేరు, పాస్‌వర్డ్ మారిపోతాయి. ఒక్కోసారి ఇంటర్నెట్ కనెక్షన్ వివరాలు కూడా చెరిగిపోతాయి. అప్పుడు కేబుల్ మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఆ మీట జోలికి పోకండి.

కరెంటు పోయినా ఇవి ఆగకుండా ఉండాలంటే బ్యాటరీ కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నిశ్చింతగా ఉండరాదు. చాలా ఇళ్లలో ఎలక్ట్రీషియన్ ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే ఆ లైను ఇస్తాడు. రౌటర్ పెట్టిన ప్లగ్ పాయింటు దానిలో ఉండదు. ఇన్వర్టర్ లేనివారు రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొనవచ్చు. కొనేముందు అడాప్టర్ మీద రాసినది చదవండి. అది 12 వోల్టులని ఉంటే యూపీఎస్ కూడా 12 వోల్టులే ఇవ్వాలి. ఆంపియర్లు సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు.

ఎంతసేపు నడుస్తుందో లెక్క వేద్దాం. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 12 × 7 = 84 వాట్-గంటల శక్తి ఉంటుంది. రౌటర్ 10 వాట్లు, కెమెరా 5 వాట్లు వాడుతాయనుకుంటే 84 ÷ 15 = 5.6 గంటలు. ఇది కాగితం మీది లెక్క. కొంత శక్తి వృథా అవుతుంది, బ్యాటరీ కూడా పాతబడుతుంది. నాలుగు గంటలు అనుకోవడం మేలు.

అయితే వీధిలో ఫైబర్ తీగే తెగితే మన బ్యాటరీ ఏం చేస్తుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఇంటర్నెట్ లేనప్పుడు అక్కరకు వచ్చేది కెమెరాలోని మెమరీ కార్డు. కరెంటు అందుతున్నంతవరకు దృశ్యాలు అందులో నమోదవుతాయి, తరువాత చూసుకోవచ్చు. తేదీ, సమయం మాత్రం సరిచూసుకోండి. చాలా చిన్న కెమెరాలు సమయాన్ని ఇంటర్నెట్ నుంచే తెలుసుకుంటాయి. నెట్ లేకుండా మేలుకున్న కెమెరా తప్పు తేదీ వేయవచ్చు. దొంగతనం కేసులో ఆ తేదీయే చిక్కు తెస్తుంది.

చేసి చూడండి: ఒక ఆదివారం పగటిపూట మెయిన్ స్విచ్ ఆపండి. ఫోనులో వై-ఫై తీసేసి మొబైల్ డేటాతో కెమెరాను చూడండి. బొమ్మ వస్తోందా? పది నిమిషాల తరువాత స్విచ్ వేయండి. మీరు ఏదీ ముట్టుకోకుండా బొమ్మ తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో నోటుపుస్తకంలో రాసుకోండి.