పైన గ్యాసు, కింద కరెంటు

మన ఇళ్లల్లో ఈమధ్య గ్యాసు పొయ్యి, కరెంటు ఓవెన్ కలిసి ఉన్న కుకింగ్ రేంజ్‌లు కొంటున్నారు. సంతోషమే. కానీ ఓవెన్‌కు 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. మిక్సీ ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరావు. ఐఎస్ఐ గుర్తున్న సురక్షా ట్యూబు వాడండి, వేడెక్కే ఓవెన్‌కు తగలనివ్వకండి, ఐదేళ్లకు మార్చండి. (తయారైన సంవత్సరం ట్యూబు మీదే ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ.)

అసలు ప్రమాదం గ్యాసు వాసన వచ్చినప్పుడు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. కంగారులో ఓవెన్ ప్లగ్గు పీకకండి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయకండి, ఏ స్విచ్చూ ముట్టకండి. చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, అందరూ బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయండి. బళ్లారి అయినా, బరంపురం అయినా అదే నంబరు.