యంత్రాలకు కావలి

2015 డిసెంబరు 23వ తేదీన పశ్చిమ ఉక్రెయిన్‌లోని ఒక విద్యుత్ పంపిణీ సంస్థ నియంత్రణ కేంద్రంలో విచిత్రమైన సంఘటన జరిగింది. ఎవరూ తాకకుండానే కంప్యూటర్ తెరపై బాణపు గుర్తు కదలసాగింది. ఉద్యోగులు చూస్తుండగానే అది ఉపకేంద్రాల స్విచ్చులను ఒక్కొక్కటిగా ఆపివేసింది. అదే రోజున మూడు సంస్థలు ఈ విధమైన దాడికి గురికాగా సుమారు 2,25,000 మంది వినియోగదారులకు విద్యుత్తు నిలిచిపోయింది.

కార్యాలయపు కంప్యూటర్ చెడితే పత్రాలు పోతాయి. విద్యుత్ కేంద్రాలలో, నీటి సరఫరా కేంద్రాలలో ఉండే పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థలు అటువంటివి కావు. అవి మోటార్లను, కవాటాలను, స్విచ్చులను నడిపిస్తాయి. కనుక వాటికి హాని కలిగితే ఊరే చీకటిలో మునుగుతుంది. పైగా అవి రాత్రింబవళ్లు ఆగక పనిచేయాలి. మరమ్మతు కోసం వాటిని తరచుగా నిలపడం సాధ్యం కాదు. అందుచేతనే వాటి రక్షణకు ప్రత్యేక విధానం అవసరమవుతుంది.

దాడి చేసినవారు నెలల ముందే ఈ-మెయిళ్లతో మోసపూరిత పత్రాలు పంపి, ఉద్యోగుల సంకేతపదాలను సంగ్రహించారు. దూరం నుండి లోనికి ప్రవేశించే ద్వారానికి ఆ సంకేతపదం తప్ప మరొక తనిఖీ లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటివాని తాళంచెవితోనే వచ్చిన పరాయివానిని పట్టడం మరెంత కష్టం! వినియోగదారుల ఫిర్యాదులు అందకుండా టెలిఫోన్ కేంద్రాన్ని సైతం దొంగ పిలుపులతో ముంచెత్తారు. అయినా కొన్ని గంటలలోనే వెలుగు తిరిగి వచ్చింది. సిబ్బంది స్వయంగా ఉపకేంద్రాలకు వెళ్లి చేతితో స్విచ్చులు వేయడమే అందుకు కారణం. పాతపద్ధతి మరచిపోకపోవడం వారికి మేలు చేసింది.

భారతదేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టాన్ని 2008లో సవరించి, కీలక వ్యవస్థల రక్షణకు ఒక జాతీయ సంస్థ ఏర్పాటుకు వీలు కల్పించారు. ఆ సంస్థ 2014లో రూపుదిద్దుకొంది. రక్షిత వ్యవస్థలోకి అక్రమంగా చొరబడితే పదేళ్ల వరకు కారాగార శిక్ష ఉంది. ఎల్లలు దాటి వచ్చే దాడులకు శిక్ష ఒక్కటే చాలదు, నివారణే ముఖ్యం. 2021లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు ఈ దిశగానే సాగాయి. నియంత్రణ వ్యవస్థలను ఇంటర్నెట్‌తో ముడిపడిన కంప్యూటర్ల నుండి పూర్తిగా వేరుచేయాలనీ, భద్రతకు బాధ్యుడైన అధికారిని నియమించాలనీ, పరికరాలను నమ్మదగినవారి వద్దనే కొనాలనీ అవి నిర్దేశించాయి. వీటిలో మొదటిదే ఆచరణలో కష్టమైనది. మీటర్ల లెక్కలు కార్యాలయానికి చేరాలన్నా, యంత్ర నిపుణుడు దూరం నుండి లోపం సరిచేయాలన్నా ఎక్కడో ఒకచోట ద్వారం తెరవవలసిందే. ఉక్రెయిన్‌లో దాడికి దారి ఇచ్చినది అటువంటి ద్వారమే.