ట్రాక్టరు ఇంజను వేడెక్కితే ముందు ఏం చూడాలి?

ఆత్మకూరు ప్రాంతంలో జూరాల కాలువ కింద నాట్లు మొదలైతే చిన్న ట్రాక్టర్లకు విశ్రాంతి ఉండదు. దాతలైన మీ చందాలతో సొసైటీ కొన్న ట్రాక్టరు కూడా ఆ రోజుల్లో పేద రైతుల మడుల్లోనే ఉంటుంది. కిందటి వానాకాలం ఒక ఒంటరి తల్లి మడిలో కరిగట్టు దున్నుతుండగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. నారు పీకి గట్టున పెట్టి ఉంది, మరునాటికి కూలీలను పిలుచుకున్నారు. ఇంజను విప్పాల్సిందేనని పలువురన్నారు. తీరా చూస్తే రేడియేటరు ముందున్న జాలి గడ్డితో, పొట్టుతో మూసుకుపోయింది. బడిలో పాఠాలు చెప్పుకునే మేము ఆ రోజు మెకానిక్ పక్కన నిలబడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

డీజిలు మండగా పుట్టే వేడిలో కొంతే పనికి అందుతుంది. మిగతాది పొగతోనూ, నీటి ద్వారానూ బయటికి పోవాలి. వాటర్ పంపు నీటిని ఇంజను చుట్టూ తిప్పి రేడియేటరుకు పంపుతుంది. ఫ్యాను గాలి లాగి దాన్ని చల్లారుస్తుంది. కరిగట్టులో బండి మెల్లగా నడుస్తుంది, లోడు ఎక్కువ. ఎదురుగాలి తగలదు కనుక భారమంతా ఫ్యాను మీదే పడుతుంది.

ముల్లు పైకి పోగానే లోడు తీసి, రేసు తగ్గించి నాలుగైదు నిమిషాలు నడవనివ్వాలి. వెంటనే ఆపితే నీరు తిరగక వేడి లోపలే నిలుస్తుంది. అయితే బెల్టు తెగినా, పైపు పగిలి నీళ్లు కారిపోయినా తక్షణం ఆపాలి. వేడి మీద రేడియేటరు మూత ఎవరూ తీయకూడదు. లోపలి ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలవచ్చు.

చల్లారాక, ఖర్చు లేని వాటి నుంచి వరుసగా చూడాలి.

1. జాలి, రేడియేటరు రేకులు: ఇంజను వైపు నుంచి బయటికి గాలి కొట్టి శుభ్రం చేయాలి.

2. నీటి మట్టం: తగ్గితే పైపులు, క్లిప్పులు, పంపు దగ్గర కారుతోందేమో చూడాలి.

3. ఫ్యాన్ బెల్టు: మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అంతకంటే వదులైతే బిగించాలి.

4. థర్మోస్టాట్: నీరు ఇంచుమించు 80 డిగ్రీలకు చేరాక తెరుచుకునే వాల్వు ఇది. ఇంజను కాగినా రేడియేటరు పై పైపు చల్లగానే ఉంటే ఇది ఇరుక్కుందేమో అనుమానించాలి.

5. లోపలి పొర: నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే, బోరు నీళ్లు పోస్తే రేడియేటరులోనూ కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి.

ఇంజనాయిలు పాలు కలిపిన చాయ్ రంగులోకి మారినా, రేడియేటరులో బుడగలు ఆగకుండా వచ్చినా హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇక స్టార్టు చేయకుండా మెకానిక్‌ను పిలవాలి.

ఆ రోజు జాలి దులపడానికి పైసా ఖర్చు కాలేదు. సాయంత్రానికి మడి సిద్ధమైంది, మరునాడు నాటు పడింది. గమనించకుండా అలాగే దున్ని ఉంటే ఇంజను పోయేది, గట్టున నారు వాడిపోయేది. అందుకే ఇప్పుడు డ్రైవరు రోజూ పొద్దున పది నిమిషాలు ఇవన్నీ చూసి పుస్తకంలో రాస్తున్నాడు. మీరిచ్చిన ట్రాక్టరు మా దగ్గర అమానత్. కొనడానికి ముందుకొచ్చిన మీ చేయి కూలెంటుకు, బెల్టుకు, ఆయిలుకు కూడా ఏటా కొంత తోడైతే, అది మరెన్నో నాట్లకు నిలుస్తుంది.