బడిలో తూచిన బరువులు

“పిల్లవాడు చిక్కిపోయినాడు” అనుటలో దిగులున్నది. “ఒళ్ళు చేసినాడు” అనుటలో సంతోషమున్నది. కరవు కాటకముల నెరిగిన జాతి పలుకుబడి అట్లుండుట సహజమే. బొద్దుతనమును సిరికి గురుతుగ నెంచిన మన అమ్మమ్మలను తప్పుపట్టలేము. కాని పుష్టి వేరు, స్థౌల్యము వేరు. బాల్యమందలి స్థౌల్యము బాల్యముతోనే పోవునా, లేక నలుబది ఏబది యేండ్ల పిమ్మట మరల లెక్క అడుగునా? ఈ ప్రశ్నకు ఊహతో సమాధానము చెప్పరాదు. ఒక తరము పిల్లలను బడిలో తూచి, ఆ యంకెలను భద్రపరచి, వారు ముదుసలులగువరకు వేచియుండవలెను. అంతటి ఓపిక గల నగర మొకటి కలదు. అది డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగెన్.

అచ్చట 1930 మొదలు జన్మించిన పిల్లలకు బడి వైద్యులును నర్సులును ఎత్తును బరువును కొలిచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క కార్డున వ్రాసియుంచిరి. పిల్లల పెరుగుదల సక్రమముగ నున్నదా యని చూచుటయే వారి పని. ఆ కార్డులు చెత్తబుట్టకు పోలేదు. మన బడులలో పాత రిజిస్టర్లకు పట్టు గతి నెరిగిన ఉపాధ్యాయులకు ఇదియే పెద్ద వింతగ తోచవచ్చును. ఆ దేశమున క్యాన్సరు రోగుల నమోదు 1943 నుండి నడచుచున్నది. 1968లో ప్రతి పౌరునకు ఒక సంఖ్య నొసగిరి. ఆ సంఖ్య ఆధారముగ బడి కార్డును ఆసుపత్రి కాగితముతో జతపరచుట సాధ్యమయ్యెను.

2014లో వెలువడిన యొక పరిశోధనలో, 1930–1980 నడుమ పుట్టిన సుమారు 2,85,000 మంది కార్డులను పరిశీలించిరి. వారిలో 438 మందికి పెద్దవయసున కాలేయ క్యాన్సరు కలిగెను. ఎత్తునకు తగిన బరువు విషయమున, ఏడవయేట తోడి పిల్లల సగటుకంటె ఒక మెట్టు పైనున్నవారికి ఈ ముప్పు నూటికి 20 వంతులు హెచ్చుగ నుండెను. ఆ మెట్టునే గణితమున ప్రామాణిక విచలన మందురు. పదుమూడవయేట అట్లున్నవారికి 30 వంతులు హెచ్చు. బాలురయందును బాలికలయందును ఇట్లే కనబడెను. మద్యపానమువలని వ్యాధులను, కాలేయమును పట్టు వైరసులను లెక్కలోనికి తీసికొన్నను ఫలితము మారలేదు.

విద్యార్థు లిచట నొక మెలకువ వహింపవలెను. 2,85,000 మందిలో 438 అనగా వేయికి ఇద్దరికన్న తక్కువ. అట్టి చిన్న సంఖ్య నూటికి ముప్పది వంతులు పెరిగినను చిన్నదిగనే యుండును. లావుగ నున్న బిడ్డకు క్యాన్సరు వచ్చి తీరునని భయపెట్టుట అసత్యము, క్రూరము కూడ. అయినను కాలేయ మొక్కటియే కాదు. అధికమైన దేహపు కొవ్వు పదుమూడు విధముల క్యాన్సర్లతో ముడిపడి యున్నదని, లియాన్ నగరమందలి అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో నిర్ధారించెను. పెద్దప్రేగు, మూత్రపిండము, క్లోమము, గర్భాశయము, పిత్తాశయము ఆ పట్టికలోనివే. బాల్యమున లావుగ నున్నవారిలో పెక్కురు పెద్దయైన పిమ్మటను అట్లే యుందురు; కావున వారి దేహము ఆ భారమును మరికొన్ని దశాబ్దములు హెచ్చుగ మోయును.

కొవ్వనగా గాదెలో పోసిన ధాన్యమువలె కదలక పడియుండునని మన మనుకొందుము. అది నిజము కాదు. అది గ్రంథివలె పనిచేయును, హార్మోనులను స్రవించును. దాని మూలమున రక్తమున ఇన్సులిన్ హెచ్చును. కణములు అవసరమునకు మించి విభజింపబడును. కనబడని వాపు యేండ్ల తరబడి లోలోన నిలిచియుండును. కాలేయమున పేరుకొన్న కొవ్వు కొందరిలో ఆ యవయవమును క్రమముగ గట్టిపరచును. కణము విభజింపబడు ప్రతిసారియు దానిలోని జన్యులిపికి నకలు తీయబడును. నకళ్ళు పెరిగినకొలది తప్పులకు అవకాశము పెరుగును. తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు.

అన్నియు ఒకే దారిని నడువవు. 2004లో 1,17,000 పైచిలుకు డెన్మార్కు స్త్రీలను గూర్చి వెలువడిన పరిశోధనలో, పదునాలుగవయేట సన్నగ నున్నవారికే రొమ్ము క్యాన్సరు ముప్పు కొంత హెచ్చుగ కనబడెను. కాని ఋతువుడిగిన పిమ్మట స్థౌల్యము ఆ ముప్పును పెంచునని 2016 నాటి నిర్ధారణయే చెప్పుచున్నది. ఇట్టి చిక్కుముడులను దాచి, సులభమైన నినాదములను పిల్లలచే వల్లెవేయించుట శాస్త్రబోధన యనిపించుకొనదు.

అన్నింటికన్న ఉపాధ్యాయులకు పనికివచ్చు విషయము 2017లో వెల్లడియయ్యెను. 60,000కు పైబడిన డెన్మార్కు పురుషుల బడి కార్డులను, యౌవనమున సైనిక పరీక్షలో తీసిన బరువులతో పోల్చిరి. ఏడవయేట లావుగ నుండి, యౌవనము నాటికి సాధారణపు బరువునకు వచ్చినవారిలో పెద్దప్రేగు క్యాన్సరు ముప్పు హెచ్చుగ కనబడలేదు. యౌవనమునను లావుగ మిగిలినవారిలోనే అది హెచ్చెను. అనగా చిన్ననాటి బరువు నొసట వ్రాసిన వ్రాత కాదు. దిద్దుకొనుటకు వ్యవధి కలదు. ఆ వ్యవధిలో పదేండ్లు పిల్లలు బడియందే గడపుదురు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద మన బడులకును వైద్యబృందములు వచ్చుచున్నవి. ఒకే తరగతిలో ఎముకలు తేలిన బిడ్డయు, నడచిన ఆయాసపడు బిడ్డయు ప్రక్కప్రక్కన కూర్చుండుట ఇచటి విశేషము. రెండవ బిడ్డకు తోటివారు పెట్టు పేర్లు ఉపాధ్యాయు లెరుగనివి కావు. ఒక్కొక్కచో ఉపాధ్యాయులే ఆ పేరుతో పిలుతురు. సిగ్గుపడిన బిడ్డ మైదానమునకు పోవుట మానును. బడి గేటు ముందరి చిప్సు పొట్లములు, తీపి పానీయములు మాత్రము మానడు. ఇక పదవ తరగతి రాగానే ఆటల పీరియడు లెక్కల అధ్యాపకుని పాలగును. దానిని తిరిగి ఆటలకే విడిచిపెట్టుమని ప్రధానోపాధ్యాయు నడుగుటకు ఏ వైద్యుని అనుమతియు అక్కరలేదు.