అటక దిగే బాల్యం

పాత చీర ముక్కలో చుట్టిన చెక్క ఏనుగు... రంగు వెలిసిన లక్కపిడతలు... మెడ ఊపే తంజావూరు బొమ్మ. ఏడాదంతా పెట్టెలో నిద్రపోయి పండక్కి లేచి కూర్చుంటాయి. వాటితోపాటే అమ్మమ్మల చిన్నతనం కూడా!

జనవరి రెండో వారం వచ్చిందంటే ఎల్‌బీ నగర్‌ చౌరస్తాలో నిల్చోవడానికి చోటుండదు. చేతిలో సంచులు, చంకలో పిల్లలు, చూపులన్నీ వచ్చే బస్సు మీదే. విజయవాడ రోడ్డులో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి. రెండ్రోజుల్లో సగం కాలనీలు ఖాళీ!

మరి ఊరెళ్లని వాళ్లో? పరీక్షలున్న పిల్లలు, సెలవు దొరకని ఉద్యోగులు, ఊళ్లో ఇల్లు అమ్మేసుకుని ఇక్కడే స్థిరపడిపోయిన వాళ్లు... దిల్‌సుఖ్‌నగర్‌, చైతన్యపురి, సరూర్‌నగర్‌, వనస్థలిపురం వీధుల్లో వీళ్లూ తక్కువేం కాదు. ఊరికి వెళ్లలేకపోతేనేం, ఊరినే ఇంటికి రప్పించే ఉపాయం ఒకటుంది. అదే బొమ్మల కొలువు. అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగితే పండగ మొదలైనట్టే.

తొండం విరిగినా మెట్టుంది

కొలువుకి మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంటారు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది... ఇంట్లో చోటుని బట్టి. బెంచీలు, పీటలు, పుస్తకాల కట్టలు, ఖాళీ చేసిన ట్రంకు పెట్టె, అన్నీ మెట్లయిపోతాయి. పైన ఓ తెల్ల పంచె పరిస్తే సరి. పై మెట్టు మీద దేవుళ్లు. ఆ కింద దశావతారాలు, పెళ్లి బృందం, మేళగాళ్లు. ఇంకా కిందికొస్తే పల్లె... ఎడ్లబండి, కల్లుగీసే మనిషి, తిరగలి తిప్పే ఇల్లాలు, తక్కెడ పట్టుకున్న దుకాణం సెట్టిగారు.

కొందరు దసరాకు కొలువు పెడతారు, కొందరు సంక్రాంతికి. ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలన్నది ఆనవాయితీ. అందుకే ఇంట్లో ఉన్న బొమ్మల్ని వరసగా చూస్తే ఆ కుటుంబం చరిత్రంతా తెలిసిపోతుంది. ఇది అమ్మమ్మకి పుట్టింటివాళ్లు ఇచ్చింది, ఇది తిరుపతి వెళ్లినప్పుడు కొన్నది, ఇది పెద్దాడు పుట్టిన ఏడాది తెచ్చింది... కొలువు పెట్టే ఇంట్లో బొమ్మ తీసిన ప్రతిసారీ ఓ కథ తీయాల్సిందే. 'ఈ ఏనుగుకి తొండమేదీ?' అని మనవరాలు అడిగితే, 'మీ అమ్మని అడుగు, చిన్నప్పుడు విరగ్గొట్టింది తనే!' అంటుంది అమ్మమ్మ. విరిగిందని పారేస్తారా? లేదు. తొండం వైపు కాస్త పూలు అడ్డుపెట్టి కూర్చోబెడతారు.

ఎల్‌బీ నగర్‌ ప్రాంతం రకరకాల ఊళ్ల కలయిక. నల్గొండ, మహబూబ్‌నగర్‌ వైపు నుంచి వచ్చిన కుటుంబాలూ, కృష్ణా, గుంటూరు నుంచి వచ్చినవాళ్లూ ఒకే మెట్లెక్కి దిగుతుంటారు. ఒకింట్లో కొలువైతే పక్కింట్లో సంక్రాంతి నోము. నోము నోచుకున్న ఇల్లాలు ఒకే రకం వస్తువుని పదమూడు మందికి పంచుతుంది. బతుకమ్మకు ముందు పుట్టమన్నుతో బొడ్డెమ్మను చేసి ఆడుకున్న జ్ఞాపకం ఒకరిదైతే, భోగి పిడకల దండలు గుచ్చిన జ్ఞాపకం మరొకరిది. పేరంటంలో ఇద్దరూ కలిసినప్పుడు ఆ కబుర్లకు అంతుండదు.

అదే రోడ్డు, ఆ చివర

చౌరస్తాలో జనమెక్కే బస్సులు పోయే దారిలోనే, దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో, విజయవాడకి కాస్త ఇవతల ఉంది కొండపల్లి. తెల్లపొణికి చెక్కని ఆరబెట్టి, సన్నని సెగ మీద తేమ పోగొట్టి, బొమ్మలు చెక్కుతారక్కడ. చేతులు, కాళ్లు, తలలు దేనికది విడిగా చెక్కి అతికించడం వాళ్ల పద్ధతి. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి తయారుచేసిన ముద్దతో అతుకులు పూడుస్తారు. ఆపైన తెల్లపూత, దాని మీద రంగులు. పొణికి చెక్క ఎంత తేలికంటే, చూడటానికి బరువుగా ఉండే అంబారీ ఏనుగుని కూడా పసివాడు ఒంటిచేత్తో ఎత్తేస్తాడు. ఆ చెట్లు తగ్గిపోవడమే ఇప్పుడు అక్కడి కళాకారుల బెంగ.

లక్కపిడతల పుట్టిల్లు వేరు. అది వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడ వాడేది అంకుడు కర్ర. తిరిగే మర మీద కర్రని చెక్కుతూ, రంగు కలిపిన లక్కని ఒత్తితే ఆ వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపొస్తుంది. మధ్యలో రసాయన రంగుల జోరు పెరిగినా, పసుపు, నీలిమందు, జాబరు గింజల్లాంటి వాటి నుంచి తీసిన రంగుల్ని మళ్లీ వాడుకలోకి తేవడానికి సి.వి.రాజు ఏళ్ల తరబడి శ్రమించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు కదా, రంగు ఏదన్నది చిన్న విషయం కాదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలు 2025 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్‌ శకటమెక్కి ఢిల్లీలో ఊరేగాయి కూడా!

ఇక నాగ్‌పూర్‌ రోడ్డులో వెళితే నిర్మల్‌ ఉండనే ఉంది. అక్కడా పొణికి చెక్కే. పండ్లు, కూరగాయలు, పక్షులు... నిజమైనవేమోనని చేయి చాపేలా చెక్కుతారు.

పిల్లల చేతికి పని

కొలువులో పెద్దవాళ్ల వాటా మెట్ల వరకే. మెట్ల ముందున్న నేల మాత్రం పిల్లలది. పళ్లెంలో తడిమట్టి పోసి, ఆవాలో మెంతులో చల్లి, రోజూ కాసిని నీళ్లు చిలకరిస్తే నాలుగైదు రోజుల్లో పచ్చిక సిద్ధం. మధ్యలో పాత అద్దం ముక్క పెడితే చెరువు. దాని మీద రెండు ప్లాస్టిక్‌ బాతులు. అగ్గిపెట్టెలు వరసగా అతికిస్తే రైలు. ఐస్‌క్రీం పుల్లలతో గుడిసె. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్‌బీ నగర్‌ దాకా వచ్చాక, థర్మోకోల్‌ స్తంభాల మీద మెట్రో రైలు నడిపే బుడతలకూ లోటు లేదు.

ఇక్కడ పిల్లలు నేర్చుకునేది చేతిపని ఒక్కటే కాదు. జిగురు ఆరేదాకా ఆగడం, ఒకరు కట్టింది ఇంకొకరు పడగొట్టినా మళ్లీ కట్టడం, తనకిష్టమైన కారుని చెల్లెలి బొమ్మ పక్కన నిలబెట్టడానికి ఒప్పుకోవడం... ఇవన్నీ ఏ హోంవర్క్‌ నేర్పుతుంది! భోగి సాయంత్రం రేగుపళ్లు, చెరుకు ముక్కలు, చిల్లర నాణేలు చిన్నారుల తల మీద పోసేది ఆ కొలువు ముందే. తర్వాత పేరంటాళ్లకి తాంబూలం, గుప్పెడు శనగలు.

పెట్టె తడిసిన ఏడాది

2020 అక్టోబరు 13. ఈ ప్రాంతం అంత తేలిగ్గా మరిచిపోలేని తేదీ. నగరం తూర్పు దిక్కున ఆకాశానికి చిల్లుపడినట్టే కురిసింది. ఘట్‌కేసర్‌ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. సరూర్‌నగర్‌ చెరువు కింది కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. మరో నాలుగు రోజుల్లో శరన్నవరాత్రులు!

ఇల్లు మునిగేటప్పుడు ఎవరైనా ముందు పిల్లల్ని పైకి పంపుతారు. తర్వాత సర్టిఫికెట్లు, నగలు, మందులు. మంచం కింది ట్రంకు పెట్టె ఎవరికి గుర్తుంటుంది? ఫ్రిజ్‌ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. కాల్చని మట్టి బొమ్మ మాత్రం నీళ్లలో నానితే మళ్లీ మట్టే. చెక్క బొమ్మ నిలిచినా రంగు నిలవదు. ముప్ఫయ్యేళ్ల కిందట తాతగారు తెచ్చిన కృష్ణుణ్ని ఏ దుకాణం తిరిగివ్వగలదు?

ముప్పు వానలతోనే కాదు. 2007లో గ్రేటర్‌లో కలిసేదాకా ఎల్‌బీ నగర్‌ ఓ వేరే మున్సిపాలిటీ. పెరడు, బావి, వరండా ఉన్న ఇళ్లు అప్పట్లో బాగానే కనిపించేవి. ఆ స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో అటకంటే గీజరు మీది జానెడు చోటే. 'ఎందుకమ్మా ఈ పాత సామాను?' అన్న మాట చాలా ఇళ్లలో వినిపించేదే. ఆ మాటకి అమ్మ బదులు చెప్పదు. పెట్టెని మాత్రం ఇంకో మూలకి జరుపుతుంది.

ఎవరికిస్తారు?

అసలు ప్రశ్న ఇదే. పెద్దమ్మాయి అమెరికాలో, చిన్నబ్బాయి బెంగళూరులో ఉంటే పెట్టె ఎవరిది? మొత్తం ఒకరికే ఇవ్వాలని ఎక్కడుంది! పొణికి బొమ్మ బరువెంతని? ఆవకాయ సీసా పక్కన సర్దితే సూట్‌కేసులో ఇట్టే ఇమిడిపోతుంది. అక్కడి తెలుగు ఇళ్లలోనూ దసరాకో సంక్రాంతికో కొలువులు తీరుతున్నాయి. దుకాణంలో కొన్న కొత్త బొమ్మల నడుమ అమ్మ పంపిన ఒక్క పాత బొమ్మ ఉంటే ఆ మెట్టుకే అందం.

అయితే బొమ్మతోపాటు పంపాల్సింది ఇంకొకటుంది... దాని కథ. ఎవరు కొన్నారు, ఎప్పుడు కొన్నారు, తొండం ఎవరు విరిచారు? చిన్న చీటీ మీద రాసి బొమ్మతోపాటు చుట్టి పెట్టండి. అమ్మమ్మ చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసినా మంచిదే. కథ పోతే మిగిలేది రంగు వెలిసిన చెక్క ముక్కే. కథ ఉంటే, తొండం లేకపోయినా అది ఏనుగే!

పదిలంగా దాచాలంటే...

* చెక్క బొమ్మల్ని తడిగుడ్డతో తుడవకండి. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

* ఒక్కో బొమ్మని విడిగా మెత్తని పాత కాటన్‌ బట్టలో చుట్టాలి. ఎండిన వేపాకు వేస్తే పురుగు చేరదు.

* లక్క బొమ్మల్ని ఎండలో, పొయ్యి దగ్గర ఉంచకండి. వేడికి లక్క మెత్తబడుతుంది.

* మట్టి బొమ్మలకు తేమే శత్రువు. పెట్టెని నేల మీద కాకుండా ఎత్తులో ఉంచండి. వానాకాలం ముందు ఒకసారి తెరిచి చూడండి.

* పెట్టెలో పైన బరువైన బొమ్మలు వద్దు. అవి అడుగున, చిన్నవి పైన.