జలపాతం నీరు తెల్లగా ఎందుకుంటుంది?

గ్లాసులో పోసిన మంచినీటికి రంగు లేదు. మట్టి కలవని ఏటినీరు కూడా అడుగున ఉన్న గులకరాళ్ళు కనిపించేటంత తేటగా ఉంటుంది. కాని అదే నీరు కొండ అంచు నుంచి కిందికి దూకగానే పాలలాగా తెల్లబడిపోతుంది. ఎందుకని?

ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. అయితే సెలవు రోజున మిత్రులతో కలిసి జలపాతం చూడటానికి వెళ్ళేవారు దీని జవాబు తప్పకుండా తెలుసుకోవాలి. అది ప్రాణాలు కాపాడే జవాబు.

ముందుగా మీ ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. పటికబెల్లం పలుకు ఒకటి తీసుకుని చూడండి. అది ఇంచుమించు గాజులాగా ఉంటుంది. దాన్ని రోట్లో వేసి మెత్తగా దంచండి. పొడి తెల్లగా ఉంటుంది! పటికబెల్లం మారలేదు. పలుకుల మధ్య గాలి చేరింది, అంతే. వెలుతురు ఒక్కొక్క పలుకు అంచు దగ్గరా కొంత వెనక్కు తిరుగుతుంది, కొంత వంగుతుంది. అలా వేలసార్లు జరిగి అన్ని రంగులూ కలిసే మన కంటికి చేరుతాయి. అన్ని రంగులూ కలిస్తే తెలుపే కదా! ఎర్ర సబ్బు నురగ కూడా తెల్లగా కనిపించడానికి కారణం ఇదే.

జలపాతంలోనూ ఇదే జరుగుతుంది. పడుతున్న నీరు తుంపరలుగా చీలిపోతుంది. కింద మడుగులో పడినప్పుడు గాలిని తనతో లోపలికి లాక్కుపోయి, లెక్కలేనన్ని బుడగలు పుట్టిస్తుంది. అంటే జలపాతంలో తెలుపు కనిపించిన చోటల్లా నీటితో పాటు గాలి కూడా ఉందన్నమాట.

నీరు ఎంత వేగంతో పడుతుంది?

ఆదిలాబాద్ జిల్లాలో నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం ఉంది. గోదావరికి ఉపనది అయిన కడెం ఇక్కడ అడవి మధ్య సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. రాళ్ళు, గాలి అడ్డుపడకపోతే అంత ఎత్తు నుంచి పడే నీరు 3 సెకన్లలో కిందికి చేరుతుంది. అప్పటికి దాని వేగం సెకనుకు 30 మీటర్లు, అంటే గంటకు 100 కిలోమీటర్ల పైమాటే. నిజానికి అడ్డంకుల వల్ల వేగం కొంత తగ్గుతుంది. అయినా పడేది ఒక్క చుక్క కాదు, ఒక నది!

పైన ఉన్నప్పటి స్థితిజశక్తి పడేటప్పుడు గతిజశక్తిగా మారుతుంది. మరి మడుగులో పడ్డాక ఆ శక్తి ఏమవుతుంది? చాలావరకు సుడులు పుట్టించి, చివరకు వేడిగా మారుతుంది. ఈ విషయం మీద జూల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్తకు ఎంత ఆసక్తి అంటే, 1847లో కొత్తగా పెళ్ళయి భార్యతో ఆల్ప్స్ పర్వతాలకు వెళ్ళినప్పుడు కూడా ఆయన చేతిలో థర్మామీటరు ఉందట! జలపాతం పైన, కింద నీటి ఉష్ణోగ్రతలో తేడా చూడాలని ఆయన కోరిక. దారిలో ఆయన్ని కలుసుకున్న విలియం థామ్సన్ (తరువాత లార్డ్ కెల్విన్) తర్వాతి కాలంలో ఈ సంగతి చెప్పాడు. లెక్క ప్రకారం 45 మీటర్లు పడిన నీరు డిగ్రీలో పదోవంతు మాత్రమే వేడెక్కుతుంది. అందుకే మన చేతికి ఆ తేడా తెలియదు.

మిగిలిన కొంచెం శక్తి తవ్వకం పని చేస్తుంది. నీటితో వచ్చిన రాళ్ళు సుడుల్లో తిరుగుతూ అడుగును తొలుస్తాయి. వేల ఏళ్ళు ఇలా జరిగి జలపాతం కింద లోతైన గుండం ఏర్పడుతుంది. అమెరికా, కెనడాల మధ్య ఉన్న నయాగరా జలపాతంలో పైన గట్టి రాయి, కింద మెత్తని రాయి ఉన్నాయి. మెత్తని రాయి అరిగిపోతుంటే, ఆసరా లేని పై రాయి విరిగి పడుతుంది. ఈ విధంగా ఆ జలపాతం సుమారు 12,000 సంవత్సరాల్లో 11 కిలోమీటర్లు వెనక్కు జరిగింది.

ఈతగాడు కూడా ఎందుకు మునుగుతాడు?

ఆర్కిమెడిస్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. 50 కిలోల బరువున్న కుర్రవాడు గుండెల నిండా గాలి పీల్చుకుంటే సుమారు 51 లీటర్ల నీటిని తొలగించగలడు. ఆ నీటి బరువు 51 కిలోలు. అది అతని బరువు కన్నా ఎక్కువ కనుక అతను తేలుతాడు. తేడా ఒక్క కిలో మాత్రమే!

ఇప్పుడు నీటిలో పదోవంతు గాలిబుడగలు ఉన్నాయనుకోండి. అప్పుడు 51 లీటర్ల నురగనీటి బరువు 46 కిలోలే. కుర్రవాడి బరువులో 4 కిలోలకు ఆధారం లేదు. కనుక మునుగుతాడు. చేతులతో ఎంత తోసినా, బుడగల నీరు గట్టి ఊతం ఇవ్వదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అడుగుకు వెళ్ళిన నీరు కొంచెం అవతల పైకి లేస్తుంది. అందులో కొంత భాగం మళ్ళీ ధార వైపుకే తిరిగివస్తుంది. అందులో చిక్కినవారిని ధార కిందికే లాగి, మళ్ళీ అడుగుకు తొక్కేస్తుంది. చెరువులో బాగా ఈదేవారికి కూడా ఇక్కడ ఆ నేర్పు చాలదు. కుంటాల గుండాల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

కాబట్టి తెల్లని నీటిలోకి దిగకండి. నాచు పట్టిన రాళ్ళ మీద, జలపాతం పై అంచు మీద నిలబడకండి. మీరున్న చోట ఎండ కాస్తున్నా ఎగువన వాన కురుస్తూ ఉండవచ్చు. తేట నీరు మట్టిరంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే గట్టు ఎక్కేయండి. ఎవరైనా నీళ్ళలో పడితే వెంట దూకకండి. తాడుగాని, పొడవాటి కర్రగాని, మూత బిగించిన ఖాళీ డబ్బాగాని అందించి, పెద్దలను కేకవేయండి.

మీరు చేయదగిన పని

గట్టు మీద క్షేమంగా కూర్చుని జలపాతం ఎత్తు కొలవవచ్చు. పై అంచు దగ్గర ఒక నురగ ముద్దను ఎంచుకోండి. అది కింద పడేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో మీ మిత్రుడు గడియారంలో చూడాలి. ఆ సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చించి, వచ్చినదాన్ని మళ్ళీ 4.9తో హెచ్చిస్తే, ఎత్తు మీటర్లలో వస్తుంది. నాగార్జునసాగర్ దగ్గరున్న ఎత్తిపోతల ఎత్తు సుమారు 21 మీటర్లు. అక్కడ మీకు 2 సెకన్ల పైచిలుకు రావాలి. గాలి, రాళ్ళు అడ్డుకోవడం వల్ల మీ జవాబు అసలు ఎత్తు కన్నా ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా? అందరూ కలిసి ఆలోచించండి.